ముందు తెలిసేది తోటివాళ్లకే

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో విద్యార్థులు 13,044 మంది. అదే పట్టికలో మగ, ఆడ గడుల పక్కన ట్రాన్స్‌జెండర్ అని ఇంకో గడి ఉంది. అందులో ఉన్న అంకె 28.

నూట నలభై కోట్ల జనాభా ఉన్న దేశంలో ఇరవై ఎనిమిది మంది. దీన్ని చూసి సమస్య చిన్నదేలే అనుకోవడానికి వీల్లేదు. చనిపోయిన మనిషి వివరాలు పోలీసులకు చెప్పేది సాధారణంగా ఇంటివాళ్లే. వాళ్లు ఏ పేరు చెబితే ఆ పేరు, మగ అంటే మగ, ఆడ అంటే ఆడ. ఇక గే, లెస్బియన్, బైసెక్సువల్ అని తెలిపే గడి ఆ పట్టికలో అసలు లేనే లేదు. కారణాల పట్టిక చూస్తే 31.7 శాతం 'కుటుంబ సమస్యలు', 18.4 శాతం 'అనారోగ్యం', ఇంకా ప్రేమ వ్యవహారాలు, పెళ్లి సంబంధమైన గొడవలు వగైరా. ఒక అమ్మాయి ఇంకో అమ్మాయిని ప్రేమించింది. సంగతి ఇంట్లో తెలిసి హడావిడిగా సంబంధం ఖాయం చేశారు. ఆ అమ్మాయి ప్రాణం తీసుకుంటే అది 'కుటుంబ సమస్య' కిందికి పోతుందా, 'ప్రేమ వ్యవహారం' కిందికి పోతుందా? ఎందులో వేసినా అసలు సంగతి మాత్రం కాగితం మీదికి రాదు.

కాగితం మీదికి రాని ఆ సంగతి తెలిసిన మనిషి దాదాపు ప్రతిసారీ ఒకరుంటారు. అమ్మ కాదు, లెక్చరర్ కాదు, డాక్టర్ అంతకన్నా కాదు. తోటి వయసు వాళ్లు: రూమ్మేటో, చిన్ననాటి స్నేహితురాలో, ఇన్‌స్టాలో పరిచయమై ఒక్కసారి కూడా ఎదురుపడని ఇంకో క్వియర్ కుర్రాడో. (గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ లాంటి వాళ్లందరినీ కలిపి క్వియర్ అనీ, ఎల్‌జీబీటీక్యూ అనీ అంటారు.) నిపుణులు పీర్ సపోర్ట్ అని పిలిచేది ఇలాంటి వాళ్లు ఇచ్చే ఆసరానే. మన భాషలో దానికి అంతకన్నా పాత మాట ఉంది, తోడు.

ఈ తోడు ప్రాణం నిలబెట్టగలదు. ఆ మాట నిజమే కానీ అక్కడితో ఆగితే తోడు ఇచ్చేవాళ్లకు అన్యాయం చేసినట్టు. పద్ధెనిమిదేళ్ల పిల్లాడి చేతిలో ఇంకో పద్ధెనిమిదేళ్ల పిల్లాడి ప్రాణం పెట్టి, ఏం చేయాలో చెప్పకుండా, వెనక ఎవరూ నిలబడకుండా వదిలేస్తే దాన్ని సపోర్ట్ అనలేం. ప్రస్తుతం చాలా చోట్ల జరుగుతున్నది అదే.

ముందు ఒక అపోహ గురించి. క్వియర్ పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువగా కనిపిస్తున్నాయంటే వాళ్ల స్వభావంలోనే ఏదో లోపం ఉందని చాలామంది అనేసుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఇష్టాన్ని జబ్బుల జాబితా నుంచి 1990లోనే తీసేసింది. ఇది వ్యాధి కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో బహిరంగంగా చెప్పింది. మరి ఆ బాధ ఎక్కడి నుంచి వస్తోంది? అమెరికా పరిశోధకుడు ఇలాన్ మేయర్ 2003లో దీనికి 'మైనారిటీ ఒత్తిడి' అనే వివరణ ఇచ్చాడు. అందరికీ ఉండే చదువు, ఉద్యోగం, డబ్బు టెన్షన్ల పైన వీళ్లకు ఇంకో పొర ఉంటుంది. ఎవరైనా అవమానిస్తారేమోనని ఎప్పుడూ ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండటం, అసలు సంగతి దాచిపెట్టడం, చుట్టూ వినబడే మాటల్ని నిజమని నమ్మి తమను తామే అసహ్యించుకోవడం.

చుట్టూ వినబడే మాటలంటే ఎలాంటివో తెలుగు పిల్లలకు చెప్పక్కర్లేదు. 'తేడా' అనే మాట ఉంది కదా. డిక్షనరీలో దాని అర్థం వ్యత్యాసం. మన సినిమా కామెడీ ట్రాకుల్లో, క్లాసు చివరి బెంచీల్లో 'వీడు తేడారా' అంటే అర్థం వేరు. ఆరో తరగతిలో నడక కొంచెం మెత్తగా ఉన్న పిల్లాడిని 'ఆడంగి' అంటారు. ఇంటర్‌కి వచ్చేసరికి 'పాయింట్ ఫైవ్' అవుతాడు. ఆ మాట పడ్డవాడు మిగతావాళ్లతో కలిసి తనూ నవ్వుతాడు, నవ్వకపోతే దొరికిపోతానని భయం. పన్నెండేళ్ల నుంచి ఇరవై రెండేళ్ల దాకా రోజూ ఇలా నవ్వాల్సి రావడమే మేయర్ చెప్పిన ఆ అదనపు పొర.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. కులం పేరుతో బడిలో అవమానం జరిగిన పిల్లవాడు ఇంటికొస్తే ఆ అవమానం ఎరిగిన అమ్మానాన్నలు ఉంటారు. మతం వల్ల మాటలు పడ్డ పిల్లకి ఇంట్లో అదే మతం వాళ్లు ఉంటారు. బాధ తక్కువని కాదు, ఆ బాధకు ఇంట్లో ఒక భాష ఉంటుంది. క్వియర్ పిల్లలకు అది ఉండదు. వీళ్లు ఇంట్లోనే పరాయివాళ్లు. తమలాంటి మనిషిని జీవితంలో ఒక్కసారి కూడా చూడకుండా పదిహేడేళ్లు పెరిగే పిల్లలు మన ఊళ్లలో ఎంతోమంది. కనుక వీళ్ల విషయంలో తోటివాళ్లంటే ఒక స్నేహితుడు దొరకడం మాత్రమే కాదు, చాలాసార్లు లేని బంధువర్గం మొదటిసారి దొరకడం.

పరిశోధనలు ఈ విషయాన్ని రకరకాలుగా చూపించాయి. కైట్లిన్ రయన్ బృందం 2009లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో, ఇంట్లో తీవ్రమైన తిరస్కారం ఎదుర్కొన్న గే, లెస్బియన్, బైసెక్సువల్ యువత ఆత్మహత్యకు ప్రయత్నించామని చెప్పే అవకాశం, తిరస్కారం లేనివాళ్లతో, తక్కువగా ఉన్నవాళ్లతో పోలిస్తే 8.4 రెట్లు ఎక్కువగా ఉంది. క్వియర్ యువతలో ఆత్మహత్యల నివారణకు పనిచేసే అమెరికా సంస్థ ట్రెవర్ ప్రాజెక్ట్ 2019లో చెప్పిన లెక్క ఇంకొకటి: తమను ఉన్నది ఉన్నట్టుగా ఒప్పుకున్న పెద్దవాళ్లు జీవితంలో ఒక్కరున్నా, గడిచిన ఏడాదిలో ఆత్మహత్యాయత్నం చేశామని చెప్పేవాళ్లు 40 శాతం తక్కువ. ఇవి సర్వేలు. ఒకటి ఉన్నచోట ఇంకొకటి తగ్గుతోందని చూపిస్తాయి తప్ప దీనివల్లే అది తగ్గిందని తేల్చవు. అయినా అన్నీ ఒకే దిక్కుకు వేలు చూపిస్తున్నాయి.

వీటన్నిటిలో మనసుకు బాగా పట్టేది 2018లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం. 129 మంది ట్రాన్స్ యువతను, వాళ్లు తమకోసం పెట్టుకున్న పేరుతో ఎక్కడెక్కడ పిలుస్తున్నారని అడిగారు: ఇంట్లోనా, బడిలోనా, పనిచేసే చోటా, స్నేహితుల దగ్గరా? ఆ పేరుతో పిలిచే చోటు ఒక్కటి పెరిగినా ఆత్మహత్య ఆలోచనలు 29 శాతం తక్కువగా కనిపించాయి. పేరుతో పిలవడానికి డిగ్రీ అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు. పక్కబెంచీ వాళ్లు రేపు ఉదయం నుంచే చేయగలిగిన పని.

ఇక అసలు ఘడియ వస్తే ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ఇది ఊహించి రాసింది, కానీ ఇలాంటివి రోజూ జరుగుతూనే ఉంటాయి. కూకట్‌పల్లి హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకుంటున్న పాతికేళ్ల కుర్రాడు. రాత్రి పదకొండున్నర. స్నేహితుడికి మెసేజ్ పెడతాడు:

'మామా, పడుకున్నావా? ఏం లేదులే, ఊరికే.'

ఆ 'ఏం లేదులే' అనే మాటను తెలుగులో పుట్టి పెరిగినవాళ్లు చదవగలగాలి. ఏమీ లేనివాడు పదకొండున్నరకి ఏం లేదని చెప్పడానికి మెసేజ్ పెట్టడు. 'పొద్దున మాట్లాడదాం బ్రో' అని పడుకుంటే ఆ తలుపు అక్కడితో మూసుకుంటుంది.

ఈ స్నేహితుడు 'మేలుకునే ఉన్నా, చెప్పు' అన్నాడు. అవతలి నుంచి కాసేపటికి జవాబు: 'ఇంట్లో సంబంధం చూశారు. అమ్మాయి ఫొటో పంపారు. ఆదివారం రమ్మంటున్నారు. నావల్ల కాదురా. నేనుండి ఎవరికి లాభం.'

ఇక్కడ మంచి మనసున్న వాళ్లు కూడా చేసే తప్పులు రెండున్నాయి. మొదటిది, 'టెన్షన్ పడకు, అన్నీ సెట్ అయిపోతాయి' అనేయడం. వినేవాడికి అది 'ఇంక ఆపు' అన్నట్టు వినబడుతుంది. రెండోది, 'మీ అమ్మానాన్న ఏమైపోతారో ఆలోచించు' అనడం. మామూలు సందర్భంలో అది మనిషిని వెనక్కి లాగే మాటే. ఈ కుర్రాడికి గాయమే అక్కడ ఉంది. తను ఉంటే వాళ్ల పరువు పోతుందని, తను లేకపోతేనే వాళ్లకు సుఖమని అప్పటికే లెక్క కట్టుకుని కూర్చున్నాడు. ఆ మాటతో ఆ లెక్క ఇంకా గట్టిపడుతుంది.

మరేం అనాలి? సూటిగా అడగాలి. 'చచ్చిపోవాలని అనిపిస్తోందా?'

ఈ ప్రశ్నకు అందరూ భయపడతారు. లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని సందేహం. అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 2014 నాటి ఒక సమీక్షలో, ఆత్మహత్య గురించి అడగడం వల్ల ఆ ఆలోచన పెరిగినట్టు ఆధారం దొరకలేదు. పైగా అడిగినందువల్ల కాస్త మేలే కావచ్చని తేలింది. అడిగించుకున్నవాడికి కలిగేది ఊరట. ఎవరితోనూ అనలేని మాటను అవతలివాడే అనేశాడు, ఇక దాచనక్కర్లేదు.

'అప్పుడప్పుడు అనిపిస్తది. ఇవాళ ఎక్కువగా ఉంది.'

'చెప్పావు, మంచి పని చేశావు. ఈ రాత్రి నువ్వు ఒక్కడివే ఉండొద్దు. నేను ఫోన్‌లోనే ఉంటా. పక్క రూంలో ఎవరున్నారు?'

ఈ జవాబులో ఉపదేశం లేదు, వాదన లేదు. ఆదివారం పెళ్లిచూపులకు వెళ్లాలా వద్దా అనే చర్చ కూడా లేదు. ఆ సమస్య ఈ రాత్రి తేలేది కాదు. ఈ రాత్రికి కావాల్సింది తెల్లవారడం. పక్కన ఒక మనిషి ఉండటం, ప్రమాదం తెచ్చిపెట్టే వస్తువులేవైనా చేతికి అందకుండా చేయడం, ఆ తర్వాత శిక్షణ ఉన్న మనిషికి చేర్చడం. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలి మానస్ నంబర్ 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. పద్ధెనిమిదేళ్ల లోపు పిల్లలకైతే 1098 కూడా ఉంది. ప్రమాదం అప్పటికప్పుడే ఉందనిపిస్తే 112కి చేయాలి, లేదా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. ఆ కాల్ చేసేటప్పుడు స్నేహితుడు పక్కనే ఉండి, అవసరమైతే మొదటి మాట తనే మాట్లాడితే సగం బరువు దిగుతుంది.

అయితే ఇక్కడే అతి కష్టమైన ప్రశ్న ఎదురవుతుంది. ఆత్మహత్యల నివారణ శిక్షణల్లో ఎక్కడైనా చెప్పే సూత్రం: ఈ రహస్యం నీలోనే పెట్టుకోకు, పెద్దవాళ్లకు చెప్పు. చాలా సరైన సూత్రం. క్వియర్ పిల్లల విషయంలో దీన్ని కళ్లు మూసుకుని పాటిస్తే మాత్రం ప్రమాదం. కంగారులో స్నేహితుడు ఆ ఇంటికి ఫోన్ చేసి, 'ఆంటీ, వాడు గే అంట, అందుకే ఇలా ఆలోచిస్తున్నాడు' అన్నాడనుకోండి. ప్రాణం కాపాడబోయి అదే రాత్రి ఆ కుర్రాడి కాళ్ల కింద నేల లాగేసినట్టు. మర్నాడు మొదలయ్యేది ఫోన్ లాక్కోవడం, ఊరికి తీసుకెళ్లిపోవడం, తాయెత్తులు, 'పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది' అనే పెద్దల పంచాయితీ.

ఇక్కడ రెండు రహస్యాలు ఉన్నాయి. ఒకటి, అతని ప్రాణం ప్రమాదంలో ఉందనేది. రెండు, అతను ఎవరనేది. మొదటిది దాచకూడదు. రెండోది అతని అనుమతి లేకుండా చెప్పకూడదు. ఈ రెంటినీ విడదీయవచ్చని తెలియకే తోటివాళ్లు అయితే అన్నీ దాస్తారు, లేదంటే అన్నీ చెప్పేస్తారు. 'అన్నయ్యా, వాడి మనసు అస్సలు బాగాలేదు, ప్రాణం మీదికి తెచ్చుకునేలా ఉన్నాడు, ఈ రాత్రి వాడితో ఉండండి, కారణాలు తర్వాత వాడే చెప్తాడు' అంటే చాలు. హెల్ప్‌లైన్‌కి చేసినా అంతే. చెప్పాల్సింది ప్రమాదం గురించి, పుట్టుపూర్వోత్తరాల గురించి కాదు. ఎవరికి చెప్పాలనేది కూడా అతన్నే అడగాలి: 'మీ ఇంట్లో నీ గురించి ఎవరికి తెలుసు? తెలిస్తే పర్లేదు అనుకునేది ఎవరు?' అమ్మానాన్నల పేర్లు రాకపోయినా ఒక పిన్ని పేరో, బెంగళూరులో ఉండే బావ పేరో వస్తుంది.

అమెరికా మనస్తత్వ నిపుణులు బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ 'సేఫ్టీ ప్లాన్' అని ఒక పేజీ కాగితం తయారుచేశారు. ఆలోచనలు ముదురుతున్నాయని తెలిపే గుర్తులేంటి, అప్పుడు తనంతట తను ఏం చేయగలడు, ఎక్కడికి వెళ్తే మనసు మళ్లుతుంది, ఎవరిని సాయం అడగొచ్చు, ఏ డాక్టర్, ఏ నంబర్, చుట్టుపక్కల ఏం తీసేయాలి, ఇవన్నీ మనసు నిమ్మళంగా ఉన్న రోజున రాసి పెట్టుకుంటారు. క్వియర్ స్నేహితులు దీన్ని కలిసి రాసేటప్పుడు ప్రతి పేరు పక్కన ఒక చిన్న మాట అదనంగా రాసుకోవాలి: 'తెలుసు' లేదా 'తెలియదు'. అర్ధరాత్రి కంగారులో ఎవరి దగ్గర నోరు జారకూడదో ఆ ఒక్క మాట చెబుతుంది.

ఫోన్, మెసేజ్ అని రాసుకుంటూ పోతే మన రాష్ట్రాల్లో లక్షలమంది పిల్లలు ఈ లెక్కలోకి రారు. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల సంగతి ఇది. అక్కడ ఫోన్ ఉండదు. ఇంటికి మాట్లాడాలంటే వార్డెన్ దగ్గర లైన్‌లో నిలబడాలి, వెనక ఇంకో పదిమంది వింటూ ఉంటారు. పదహారేళ్ల పిల్లకి తను ఎవరో అర్థమవడం మొదలయ్యే వయసు సరిగ్గా ఆ రెండేళ్లే. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కి చదువుతున్న పదిహేడేళ్ల విద్యార్థిని మృతి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కేసులో 2025 జూలై 25న కోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌ను పెట్టాలని, టెలి మానస్ లాంటి నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలని అందులో ఉంది. అణగారిన వర్గాల పిల్లలతో ఎలా మెలగాలో సిబ్బందికి నేర్పాలంటూ ఎల్‌జీబీటీక్యూ విద్యార్థులను కూడా పేరుపెట్టి చెప్పారు.

గోడ మీద నంబర్ ఉంటే మంచిదే. ఫోన్ లేని గదిలో ఆ నంబర్ ఎవరు కొడతారు? అక్కడ రాత్రి పదకొండింటికి అందుబాటులో ఉండేది పై బెర్త్ మీద పడుకున్న పిల్లే. దుప్పట్లో వెక్కుతున్న శబ్దం విని 'ఏమైందే?' అని అడగగలిగేది ఆమే. ఆమె ఎవరి తలుపు కొట్టాలో ముందే తెలిసి ఉండాలి. ఆ తలుపు తీసిన మనిషి 'ఏ అమ్మాయితో తిరుగుతున్నావు?' అని ఎంక్వైరీ మొదలుపెట్టని మనిషి అయి ఉండాలి. వార్డెన్లకు ఇవ్వాల్సిన శిక్షణలో మొదటి పాఠం ఇదే కావాలి. ర్యాంకుల బోర్డులకు పెట్టే ఖర్చులో వెయ్యోవంతు కూడా దీనికి పట్టదు.

చదువుకునే చోట తోటివాళ్లు ఒక గుంపుగా ఉంటే ఏమవుతుందో వేరే దేశాల్లో బాగానే చూశారు. అమెరికాలో మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ అకాడమీలో 1988లో గే–స్ట్రెయిట్ అలయన్స్ పేరుతో క్లబ్బు మొదలైంది. క్వియర్ పిల్లలు, వాళ్ల స్నేహితులు కలిసి కూర్చునే చోటు, అంతే. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా బడుల్లో 2014లో ప్రచురించిన అధ్యయనం చూస్తే, ఇలాంటి క్లబ్బులు మూడేళ్లు, ఆపైన నడిచిన బడుల్లో ఆత్మహత్య ఆలోచనలు తక్కువగా ఉన్నాయి. క్వియర్ కాని అబ్బాయిల్లో కూడా. 'తేడా' అనే మాట భయం తగ్గితే మిగతా అబ్బాయిలు కూడా ఊపిరి పీల్చుకుంటారన్నమాట. మన దగ్గర ఐఐటీ బాంబేలో 'సాథీ' అనే ఇలాంటి బృందం ఉంది. హైదరాబాద్‌లో నల్సార్ లా యూనివర్సిటీ 2022లో హాస్టల్‌లో ఒక అంతస్తును జెండర్‌తో నిమిత్తం లేకుండా కేటాయించింది. ఇవన్నీ పెద్ద సంస్థలు. జిల్లా కేంద్రంలోని డిగ్రీ కాలేజీకి ఇది ఇంకా చేరలేదు.

తోటివారి తోడు మనకు కొత్తేమీ కాదు. ఇంట్లోంచి గెంటేసిన పిల్లను చేరదీసి, పేరు పెట్టి, అన్నం పెట్టి, 'నువ్వు నా చేలావి (శిష్యురాలివి)' అని చెప్పే హిజ్రా గురువులు తరతరాలుగా చేస్తున్నది ఇదే. హైదరాబాద్ రైల్వే స్టేషన్లో దిక్కుతోచక దిగిన ట్రాన్స్ అమ్మాయికి మొదటి ముద్ద పెట్టింది చాలాసార్లు ఇంకో ట్రాన్స్ మహిళే. ఆ వ్యవస్థలో పెద్దరికాలు, కట్టుబాట్లు, అప్పులు ఉంటాయి. అందరికీ అది సరిపడదు. అయినా ప్రభుత్వం చూడని కాలంలో ప్రాణాలు నిలబెట్టిన వ్యవస్థ అది, ఆ సంగతి మర్చిపోతే తప్పవుతుంది.

అదే తోడుకు జీతం, డాక్టర్, గది జత చేస్తే ఎలా ఉంటుందో నారాయణగూడలో కనబడింది. 2021 జనవరిలో అక్కడ మొదలైన 'మిత్ర్' దేశంలోనే మొదటి ట్రాన్స్‌జెండర్ క్లినిక్. నడిపింది ట్రాన్స్ సమాజం వాళ్లే. హార్మోన్ల సలహా, హెచ్‌ఐవీ పరీక్షలు, మనసు బాగాలేకపోతే కౌన్సెలింగ్, అన్నీ ఒకేచోట, ఎవరూ ఎగాదిగా చూడకుండా. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయం ఆపేయగానే అది మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ అండతో 'సబ్‌రంగ్' పేరుతో మళ్లీ తెరుచుకుంది. తెరుచుకుంది సరే, కానీ ఆ మధ్య నెలల్లో వచ్చి తాళం చూసి వెనక్కి పోయిన వాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు. ఎక్కడో సముద్రం అవతల పెట్టిన ఒక సంతకానికి నారాయణగూడలో తలుపు పడిపోయే పరిస్థితి ఉండకూడదు.

అమెరికాలోనూ ఇదే జరిగింది. అక్కడి జాతీయ హెల్ప్‌లైన్ 988లో 3 నొక్కితే ఎల్‌జీబీటీక్యూ యువతతో మాట్లాడటానికి ప్రత్యేక శిక్షణ ఉన్నవాళ్లు పలికేవారు. 2022లో మొదలైన ఆ సదుపాయాన్ని 13 లక్షలకు పైగా కాల్స్, మెసేజ్‌ల తర్వాత 2025 జూలై 17న ఆపేశారు. 988 ఇప్పటికీ పలుకుతుంది, ట్రెవర్ ప్రాజెక్ట్ సొంత లైను కూడా నడుస్తోంది. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఇది దూరపు వార్త కాదు. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లిష్, ఈ సంగతి మాత్రం ఏ భాషలోనూ చెప్పలేని పిల్లలు తానా సభల్లో కూచిపూడి చేసే పిల్లల్లోనూ ఉంటారు.

చట్టం సంగతి కొంచెం తెలిస్తే తోడుండేవాళ్లకు ధైర్యం వస్తుంది. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుతుందని ఆగిపోయేవాళ్లు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించకూడదని చెబుతోంది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ లేదు. 'మార్చేస్తాం' అని చెప్పే డాక్టర్ దగ్గరికి ఇంటివాళ్లు లాక్కెళ్తున్నారా? జాతీయ వైద్య కమిషన్ 2022లో ఆ 'చికిత్స'ను వైద్యవృత్తిలో దుష్ప్రవర్తనగా ప్రకటించింది. దానికి దారి వేసింది 2021 జూన్ 7న మద్రాస్ హైకోర్టు జడ్జి ఎన్. ఆనంద్ వెంకటేశ్ ఇచ్చిన ఉత్తర్వులు. ఆ కేసు వింటున్నప్పుడు ఈ విషయం తనకు సరిగా తెలియదని ఒప్పుకుని, ముందు తను ఒక సైకాలజిస్ట్ దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు ఆయన. పెద్దవాళ్లు నేర్చుకోగలరనడానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇల్లు వదిలి వచ్చిన అమ్మాయికి స్నేహితురాలు గదిలో చోటిస్తే, మూడోరోజు స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది, కిడ్నాప్ కేసు పెడతామని. ఇలాంటి కేసులు కోర్టుకు వచ్చినప్పుడు కౌన్సెలింగ్ పేరుతో ఆ మనిషి ఇష్టాన్ని మార్చే ప్రయత్నం చేయకూడదని సుప్రీంకోర్టు 2024 మార్చిలో హైకోర్టులకు చెప్పింది. పుట్టింటి కుటుంబం కాక మనిషి ఎంచుకున్న కుటుంబం కూడా ఉంటుందని ఆ తీర్పు గుర్తించింది. మేజర్లకు ఇది పెద్ద అండ. మైనర్లకు దారి ఇప్పటికీ ఇరుకే. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం ప్రకారం, ఇంటివాళ్లు చూసుకోలేకపోతే కోర్టు పునరావాస కేంద్రానికి పంపాలి. చేరదీసిన గురువుకో స్నేహితురాలి తల్లికో అందులో చోటు లేదు.

ఇక తోడుండేవాళ్ల సంగతి. కూకట్‌పల్లి కుర్రాడితో రాత్రంతా ఫోన్లో ఉన్న స్నేహితుడు కూడా క్వియరే అనుకుందాం. అతని ఇంట్లోనూ సంబంధాలు చూస్తున్నారు. 'నాకూ అలాగే ఉందిరా' అని పైకి అనలేక మింగుకుని తెల్లారేదాకా మాట్లాడాడు. తొమ్మిదింటికి ఆఫీసుకి వెళ్లాడు. ఎవరికీ చెప్పలేదు, చెబితే అవతలివాడి రహస్యం బయటపడుతుందని. నెల తిరిగేసరికి అలాంటి ఫోన్లు మూడొచ్చాయి. చిన్న సమాజాల్లో ఇలాగే అవుతుంది, ఓపికగా వినే మనిషి ఒకరుంటే అందరూ ఆ ఒక్కరి దగ్గరికే వస్తారు. వాళ్లలో ఒకరు దక్కకపోతే ఆ తప్పంతా తనదే అనుకుంటాడు. దగ్గరిదగ్గరగా ఉన్న గుంపులో ఒక మరణం జరిగితే మిగతావాళ్లకూ ప్రమాదం పెరుగుతుంది. ఆ తర్వాతి వారాల్లో అందరికన్నా ముందు పలకరించాల్సింది ఆ రాత్రి ఫోన్ ఎత్తినవాడినే.

దీనికి విరుగుడు పాత అనుభవంలోనే ఉంది. లండన్‌లో చాడ్ వారా 1953లో సమారిటన్స్ హెల్ప్‌లైన్ మొదలుపెట్టినప్పుడు వలంటీర్లు మామూలు మనుషులే, డాక్టర్లు కాదు. వాళ్లు నేర్చుకున్న పద్ధతి: ఎవరూ ఒంటరిగా మోయకూడదు. షిఫ్ట్ అయిపోయాక ఆరోజు విన్నదంతా ఇంకో అనుభవజ్ఞుడి దగ్గర దించుకుని ఇంటికెళ్లాలి. చెన్నైలో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన స్నేహా కూడా వలంటీర్లతోనే నడుస్తోంది. స్నేహితుల వాట్సాప్ గ్రూపుకైనా ఇది వర్తిస్తుంది. ఒక ప్రాణానికి కనీసం ఇద్దరు తోడు. రాత్రి ఒకరు మోస్తే పగలు ఇంకొకరు. పేర్లు చెప్పకుండానైనా తన బరువు దించుకోవడానికి తోడు ఉన్నవాడికీ ఒక మనిషి. 'నాకు ఇవాళ ఓపిక లేదురా, నువ్వు తీసుకో' అని అనగలిగే చనువు. ఇక సంస్థలు నడిపేవాళ్లు ఈ పనిని సేవ అని పొగిడి ఊరుకోకుండా జీతం ఇవ్వాలి, సెలవు ఇవ్వాలి.

ఆ రాత్రి గడిచాక ఏం చేయాలనే దానికి శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్ట్ చేసిన ప్రయోగం ఉంది. ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లి, తర్వాతి చికిత్స వద్దన్న 843 మందిని రెండు గుంపులుగా చేశాడు. ఒక గుంపుకు అప్పుడప్పుడు రెండు మూడు వాక్యాల ఉత్తరం వెళ్లేది: మీరు బాగున్నారని ఆశిస్తున్నాం, రాయాలనిపిస్తే రాయండి, అంతే. సలహా ఉండదు, చికిత్సకు రమ్మని ఉండదు. ఐదేళ్లపాటు అలా పంపారు. ఉత్తరాలు అందుకున్నవాళ్లలో ఆత్మహత్యలు తక్కువగా జరిగాయి, ముఖ్యంగా మొదటి రెండేళ్లలో. 2001లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

మన భాషలో ఆ ఉత్తరం ఇంకా చిన్నది. 'తిన్నావా?' మర్నాడు మధ్యాహ్నం ఒకటి, మూడోరోజు ఒకటి, పదిహేనో రోజున ఇంకోటి. డాక్టర్ దగ్గర తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ ఉంటుంది. ఆదివారం పెళ్లిచూపులని, వచ్చేనెల 14న చెల్లి నిశ్చితార్థానికి ఊరెళ్లాలని, అక్కడ మేనమామలంతా చుట్టూ చేరి 'నీదెప్పుడురా?' అని అడుగుతారని మాత్రం స్నేహితుడికే తెలుసు. ఆ తేదీలు తన ఫోన్ క్యాలెండర్‌లో వేసుకుని, 14న సాయంత్రం ఏడింటికి, ఊళ్లో అందరూ భోజనాలకు కూర్చునే వేళకి, ఒక కాల్ చేస్తాడు.